సీఎన్‌జీ మీద నడిచే హోండా సిటీకి ఇంట్లో టాపెట్ సెట్టింగ్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2010 మోడల్ హోండా సిటీ 1.5 ఐ-వీటెక్. 1,30,000 కి.మీ. తిరిగింది, అందులో చివరి 55,000 సీఎన్‌జీ మీద. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది. స్కానర్‌లో పీ0302, అంటే 2వ సిలిండర్ మిస్సింగ్ (అందులో ఇంధనం సరిగ్గా మండకపోవడం) చూపిస్తోంది. ప్లగ్గులు, కాయిల్స్ మార్చినా పోలేదు. మెకానిక్ "టాపెట్లు టైటయ్యాయి" అన్నాడు. టాపెట్ చప్పుడే లేనప్పుడు తేడా ఎలా వస్తుంది, విజయవాడలో ఇంటి దగ్గరే దీన్ని చేసుకోవచ్చా అని అడిగారు.

మెకానిక్ చెప్పిందే నిజమయ్యే అవకాశం ఎక్కువ. చప్పుడు లేకపోవడం ఇక్కడ మంచి సూచన కాదు. చప్పుడు చేసే టాపెట్‌తో చెవికి ఇబ్బంది, అరుగుదల కూడా నెమ్మదిగా ఉంటుంది. చప్పుడు మానేసిన టాపెట్ వాల్వ్‌ని కాల్చేస్తుంది. ఇంట్లో చేసుకోవచ్చా అంటే, ఈ ఇంజిన్‌కి చేసుకోవచ్చు. ఓపిక, సరైన ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే రేకుల సెట్), చల్లటి ఇంజిన్ ఉండాలి. మూడోదాని దగ్గరే చాలామంది తప్పు చేస్తారు.

టాపెట్ గ్యాప్ అంటే వాల్వ్ పూర్తిగా మూసుకున్నప్పుడు రాకర్ (క్యామ్ షాఫ్ట్ తోస్తే ఊగి వాల్వ్‌ని తెరిచే చిన్న చేయి) చివరి స్క్రూకీ, వాల్వ్ కాడ కొనకీ మధ్య మిగిలే ఖాళీ. అది పెరిగినా తగ్గినా అరుగుదలే, కాకపోతే అరిగే చోటు వేరు. క్యామ్ లోబో (క్యామ్ షాఫ్ట్ మీద రాకర్‌ని తోసే ఉబ్బు), రాకరో, స్క్రూ కొనో అరిగితే ఖాళీ పెరుగుతుంది, టక్‌టక్‌మని వినబడుతుంది. వాల్వ్ అంచు, అది కూర్చునే సీటు అరిగితే వాల్వ్ సిలిండర్ హెడ్‌లోకి, అంటే ఇంజిన్ పై దిమ్మలోకి దిగబడుతుంది. దిగబడిన మేర దాని కాడ రాకర్ వైపు లేస్తుంది, ఖాళీ తగ్గుతుంది. చప్పుడూ తగ్గుతుంది. ఓనర్ ఇంజిన్ స్మూత్ అయిందని సంతోషిస్తాడు.

గ్యాస్ బండ్లలో ఈ రెండో రకమే ఎక్కువ. పెట్రోల్ తుంపరలుగా వచ్చి ఇన్‌టేక్ వాల్వ్ మీద ఆవిరవుతూ కొంత వేడి తీసుకుపోతుంది. అది వదిలే సన్నటి పొర వాల్వ్‌కీ సీటుకీ మధ్య మెత్తగా పనిచేస్తుంది. సీఎన్‌జీ పొడి గాలిలా వస్తుంది, ఆ రెండూ ఉండవు. పైగా మీథేన్ నిదానంగా మండుతుంది. కిట్ ట్యూనింగ్ కాస్త లీన్‌గా (గాలి ఎక్కువ, గ్యాస్ తక్కువ) ఉన్నా, టైమింగ్ అడ్వాన్స్ (స్పార్క్ ముందుగా రావడం) సరిపోకపోయినా మంట ఎగ్జాస్ట్ తెరుచుకునే దాకా సాగుతుంది. మామూలుగానే ఎగ్జాస్ట్ వాల్వ్ 700 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం వాల్వ్ సీటుకి ఆనుకున్నప్పుడే హెడ్‌లోకి, అక్కణ్ణించి కూలెంట్‌లోకి పోతుంది. ఖాళీ సున్నాకి వస్తే వాల్వ్ సీటుకి పూర్తిగా ఆనదు. వేడి పోయే దారి మూసుకుపోతుంది, మండే గ్యాస్ సన్నటి సందులోంచి చిమ్ముతుంది. గ్యాస్ కట్టర్‌తో ఇనుము కోసినట్టు అంచులో ఒక చిన్న గాడి పడుతుంది. ఆ గాడి పడ్డాక ఏ సెట్టింగూ పనిచెయ్యదు, హెడ్ దించాల్సిందే.

మరి పొద్దునే ఎందుకు వణుకుతోంది, వేడెక్కాక ఎందుకు సర్దుకుంటోంది? వాల్వ్ చిన్న ముక్క, స్టార్టయిన కాసేపట్లోనే కాగి పొడవు సాగుతుంది. అల్యూమినియం హెడ్ పెద్ద దిమ్మ, అది వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. హెడ్ కూడా కాగాక అది వాల్వ్ కంటే ఎక్కువ వ్యాకోచించి రాకర్ షాఫ్ట్‌ని పైకి ఎత్తుతుంది, ఖాళీ మళ్లీ పుడుతుంది. అంటే స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే ఖాళీ అన్నిటికంటే తక్కువ. చల్లటి మీద 0.28 మి.మీ. ఉండాల్సిన చోట 0.08 మిగిలితే ఆ రెండు నిమిషాలూ వాల్వ్ మూసుకోదు, కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) పోతుంది, సిలిండర్ మిస్ అవుతుంది. మీరు చెప్పిన లక్షణం దీనికి అతికినట్టు సరిపోతోంది. ఒక్కటి మాత్రం ముందే తేల్చుకోండి: కూలెంట్ తగ్గుతోందా? తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ లోంచి రాత్రంతా సిలిండర్‌లోకి నీరు కారి పొద్దున మిస్ అవుతుండొచ్చు. అది వేరే రోగం.

ఇక కొలతలు. ఈ ఇంజిన్‌కి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.15 నుంచి 0.19 మి.మీ., ఎగ్జాస్ట్ 0.26 నుంచి 0.30 మి.మీ. పెట్రోల్ బండి అయితే మధ్యలో, అంటే ఇన్‌టేక్ 0.17, ఎగ్జాస్ట్ 0.28 పెట్టుకోవచ్చు. గ్యాస్ బండికి ఇన్‌టేక్ 0.18, ఎగ్జాస్ట్ పై హద్దు 0.30 పెట్టడం తెలివైన పని. ఎలాగూ తగ్గుతుంది కాబట్టి తగ్గడానికి చోటు ఇవ్వాలి. "గ్యాస్ కదా, 0.35 పెట్టెయ్" అని కొందరు చెబుతారు, వినకండి. వాల్వ్ మెల్లగా కూర్చోవడానికి క్యామ్ లోబ్ చివర సన్నటి వాలు ఉంటుంది. ఖాళీ మరీ ఎక్కువైతే వాల్వ్ ఆ వాలు దాటి సీటు మీద దబ్బున పడుతుంది. సీటు ఇంకా తొందరగా అరుగుతుంది.

చల్లటి ఇంజిన్ అంటే హెడ్ ఉష్ణోగ్రత 38 డిగ్రీల లోపు. హోండా చెప్పే షరతు ఇదే. బెజవాడ ఎండాకాలంలో తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. మే నెలలో మధ్యాహ్నం బయట గాలే 42, 43 ఉంటుంది, ఆరుబయట నిలిపిన బండి బానెట్ కింద ఇంకా ఎక్కువ. స్టార్ట్ చెయ్యకపోయినా ఇంజిన్ "చల్లగా" లేనట్టే. "నాలుగు గంటలు ఆపాను, చేత్తో ముడితే వెచ్చగా ఉంది, అయినా చేశాను" అంటే ఆ కొలతలన్నీ తప్పే. ముందురోజు సాయంత్రం నీడలో పెట్టి, బానెట్ కాస్త ఎత్తి ఉంచి, తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టండి. మొదటిసారి అయితే మూడు నాలుగు గంటలు పడుతుంది, ఎండ ఎక్కేలోపు కొలతలు ముగిసిపోవాలి. కవర్ బిగించడం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

కావలసినవి. 10 నంబర్ రింగ్ పానా (లాక్ నట్లకి), 10 నంబర్ టి-రాడ్ లేదా గోటీ, పొడవైన ఎక్స్‌టెన్షన్, ప్లగ్గులకి 16 నంబర్ ప్లగ్ గోటీ, క్రాంక్ పుల్లీ బోల్టుకి 19 నంబర్ గోటీ, పట్టు బాగున్న చదును స్క్రూడ్రైవర్, కొత్త టాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్ (ప్లగ్ గొట్టాల చుట్టూ వేసే రింగులు కూడా ఉండాలి), సిలికాన్ పేస్ట్ ట్యూబు చిన్నది, నూలు పోగులు రాలని బనియన్ గుడ్డ, టార్చి, ఒక నోట్‌బుక్కు. జాకీ మీద బండి ఎత్తాల్సి వస్తే కింద స్టాండ్ తప్పనిసరి, జాకీని నమ్మి చెయ్యి పెట్టొద్దు.

ఫీలర్ గేజ్ సంగతి విడిగా చెప్పాలి. షాపులో ఎక్కువగా దొరికే సెట్లో బ్లేడ్లు 0.05 చొప్పున పెరుగుతాయి: 0.15, 0.20, 0.25, 0.30. మన ఇన్‌టేక్ హద్దు 0.15కీ 0.19కీ మధ్య, ఆ సెట్‌తో 0.18 కొలవలేరు. 0.01 లేదా 0.02 చొప్పున పెరిగే సెట్ అడగండి. అంగుళాల సెట్ ఉంటే అదీ పనికొస్తుంది: 7 థౌ (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అంటే 0.178 మి.మీ., 11 థౌ అంటే 0.279, 12 థౌ అంటే 0.305. రెండు బ్లేడ్లు కలిపి కొలవొచ్చు గానీ వాటి మధ్య ఆయిల్ తడి, మురికి ఉంటే అది కూడా కొలతలో చేరుతుంది. బ్లేడ్ కొన ఎగుడుదిగుడుగా వంగి ఉంటే పారేయండి. ఎగ్జాస్ట్ వైపు చెయ్యి ఇరుకు కాబట్టి కొన దగ్గర వాటంగా వంచి తయారుచేసిన బ్లేడ్లయితే సుఖం.

ముందురోజు రాత్రే గ్యాస్ సంగతి చూసుకోండి. ఇంజిన్ గ్యాస్ మీద నడుస్తుండగా డిక్కీలో సిలిండర్ మీదున్న చేతి వాల్వ్ మూసెయ్యండి. లైన్లో మిగిలింది అయిపోయి బండి తనంతట తాను పెట్రోల్‌కి మారుతుంది. చాలా కిట్లలో గ్యాస్ ఇంజెక్టర్ రెయిల్ టాపెట్ కవర్‌కి అడ్డంగా బిగించి ఉంటుంది. బ్రాకెట్ బోల్టులు మాత్రం విప్పి రెయిల్‌ని పైపులతో సహా పక్కకి వాల్చండి. హై ప్రెషర్ స్టీలు పైపు జోలికి వెళ్లొద్దు. నిండు గ్యాస్ సిలిండర్‌లో దాదాపు 200 బార్ ఒత్తిడి ఉంటుంది, ఆ పైపు విప్పాల్సి వస్తే గ్యాస్ కిట్ వాళ్ల చేతే చేయించాలి.

పొద్దున, ఇగ్నిషన్ తాళం తీసి జేబులో వేసుకోండి. బ్యాటరీ టెర్మినల్ ఊడదీయాల్సిన పని లేదు, ఊడదీస్తే ఐడ్లింగ్ మళ్లీ నేర్పించే తంతు ఒకటి అదనం. కాయిల్స్ నాలుగిటికీ నంబర్లు రాసి తీయండి. ప్లగ్ గొట్టాల్లో దుమ్ము గాలితో ఊదాకే ప్లగ్గులు విప్పండి, లేదంటే ఆ ఇసుకంతా సిలిండర్‌లోకే పోతుంది.

ఈ దశలో కంప్రెషన్ గేజ్ దొరికితే అరగంట ఖర్చుపెట్టి చూడండి. చల్లటి మీదే చూడాలి. మీ జబ్బు చల్లటి మీద కనబడేది, వేడి మీద చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. పెట్రోల్ ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 2 కిలోలు, అంటే 200 కిలోపాస్కల్స్ దాటకూడదు. కాసేపు సెల్ఫ్ కొట్టినంత మాత్రాన ఇంజిన్ వేడెక్కదు, కాబట్టి అదే పొద్దున టాపెట్లు చూడొచ్చు. ఈ నాలుగు అంకెలూ రాసిపెట్టుకోండి, చివర్లో పనికొస్తాయి.

టాపెట్ కవర్ బోల్టులన్నీ 10 నంబరే. కవర్ అంటుకుపోయి ఉంటే రబ్బరు సుత్తితో పక్కల నుంచి తట్టండి, స్క్రూడ్రైవర్ దూర్చి తన్నొద్దు. ఆ గీత పడ్డ చోట కొత్త ప్యాకింగ్ వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. కవర్ తీయగానే క్యామ్‌ని తిప్పే చైన్ వైపు గోతినీ, ప్లగ్ రంధ్రాల్నీ గుడ్డలతో మూసెయ్యండి. వాషరో నట్టో చైన్ కేసులో పడితే మాగ్నెట్‌తో బయటికి తీసేదాకా ఇంజిన్ తిప్పే ఆలోచన కూడా వద్దు.

ఇప్పుడు ఇంజిన్ తిప్పడం. గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, పుల్లీ బోల్టుకి 19 నంబర్ గోటీ వేసి తిప్పండి. పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిప్పాలి. పాత హోండా ఇంజిన్లు కొన్ని ఎదురు దిక్కున తిరిగేవి, ఆ పాత వీడియోలు చూసి ఇక్కడ వెనక్కి తిప్పితే చైన్ టెన్షనర్ వదులై చైన్ పళ్లు జారే ప్రమాదం. కొంచెం దాటిపోయిందని వెనక్కి లాగకండి, మరో రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్లీ ఆ చోటికి రండి. ప్లగ్గులు తీసేశారు కాబట్టి చేత్తో హాయిగా తిరుగుతుంది. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు ఆగితే బలం ఉపయోగించకుండా కారణం చూడండి.

1వ సిలిండర్ అంటే పుల్లీ, చైన్ వైపున్నది. దాన్ని కంప్రెషన్ టీడీసీకి, అంటే వాల్వ్‌లన్నీ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన స్థితికి తేవాలి. పుల్లీ మీద తెల్ల గీత కేసు మీది సూచికకి ఎదురుగా రావాలి. ఎర్ర గీతలుంటే అవి ఇగ్నిషన్ టైమింగ్‌వి, వాటితో మోసపోకండి. అదే సమయంలో క్యామ్ స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) మీద ఇంగ్లిష్‌లో "అప్" అని ఉన్న గుర్తు పైకి ఉండాలి, రెండు పక్కల గాట్లు హెడ్ పై అంచుతో సమంగా ఉండాలి. "అప్" కిందకి ఉంటే 4వ సిలిండర్ కంప్రెషన్‌లో ఉందన్నమాట, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. గుర్తుల మీద అనుమానమొస్తే చేత్తో పరీక్ష ఉంది: 1వ సిలిండర్ రాకర్లు నాలుగూ వేలితో ఊపితే కొద్దిగా ఆడాలి. అయితే మీ బండిలో టైటయిన రాకర్ అసలు ఆడకపోవచ్చు. అందుకే గుర్తులు, చేతి పరీక్ష రెండూ చూడాలి.

మొదలుపెట్టే ముందే పుల్లీ మీద తెల్ల గీతకి సరిగ్గా ఎదుటి వైపు సుద్దతో ఒక గీత గీయండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. 1 చూశాక అర చుట్టు తిప్పితే సుద్ద గీత సూచిక దగ్గరికి వస్తుంది, అప్పుడు 3. ఇంకో అర చుట్టు, తెల్ల గీత, 4. ఇంకో అర చుట్టు, మళ్లీ సుద్ద గీత, 2. క్రాంక్ అర చుట్టు తిరిగితే క్యామ్ పావు చుట్టే తిరుగుతుంది, స్ప్రాకెట్ చూస్తూ ఉంటే లెక్క తప్పదు. గీతలు అణువంత తేడా లేకుండా కలవాలని గంటలు గడపకండి. వాల్వ్ మూసుకున్న సమయంలో లోబ్ గుండ్రటి వీపే రాకర్ కింద ఉంటుంది, ఐదారు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఖాళీ మారదు.

ఏ వైపు ఇన్‌టేక్, ఏ వైపు ఎగ్జాస్ట్ అన్నది మానిఫోల్డ్ చూసి ఖాయం చేసుకోండి. ఆ వరసలో రాకర్ల పక్కన మార్కర్‌తో రాసుకుంటే తికమక ఉండదు. ఇన్‌టేక్ వాల్వ్‌కి 0.30 పెట్టడం కంటే ఎగ్జాస్ట్‌కి 0.18 పెట్టడం ఘోరం, ఆ తప్పు జరిగేది సగం నిద్రలో మొదలుపెట్టినప్పుడే.

ఏ స్క్రూ ముట్టుకోకముందు పదహారు వాల్వ్‌లూ కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. ఇది కాలక్షేపం కాదు, అసలు రోగ నిర్ధారణ ఇందులోనే ఉంది. ఎగ్జాస్ట్‌లన్నీ 0.16, 0.18 అలా ఒకే తీరుగా తగ్గి ఉంటే మామూలు గ్యాస్ అరుగుదల, సెట్ చేస్తే సరిపోతుంది. మిగతావి 0.20 ఉండి 2వ సిలిండర్ ఎగ్జాస్ట్ ఒక్కటి 0.05 బ్లేడ్ కూడా దూరనివ్వకపోతే ఆ సీటు మీద అనుమానం పెట్టుకోవాలి. ఒక్కటి మాత్రం విపరీతంగా వదులుగా ఉంటే లాక్ నట్ జారి ఉండొచ్చు. నట్ బిగుతుగానే ఉంటే క్యామ్ లోబ్, రాకర్ ముఖం మీద గుంట పడిందేమో టార్చి వేసి చూడండి.

సెట్ చేసే తీరు. 10 నంబర్ పానాతో లాక్ నట్‌ని పావు చుట్టు వదులు చేయండి, అంతకంటే అక్కర్లేదు. బ్లేడ్‌ని స్క్రూ కొనకీ వాల్వ్ కాడకీ మధ్య పెట్టి స్క్రూని నెమ్మదిగా బిగిస్తూ, బ్లేడ్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండండి. బరువైన పుస్తకం కింద ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగుతున్నట్టు పట్టు తెలియాలి. అక్కడ ఆగి, స్క్రూడ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకుని రెండో చేత్తో నట్ బిగించండి. నట్ బిగిసే ఆఖరి క్షణంలో స్క్రూ వెంట్రుకవాసి దానితోపాటు తిరుగుతుంది, ఖాళీ మారుతుంది. మొదటిసారి చేసేవాళ్లకి పదింట ఏడు సార్లు ఇలా అవుతుంది, విసుగు తెచ్చుకోకండి. ఎటు, ఎంత తిరుగుతోందో గమనిస్తే మూడో వాల్వ్ నుంచి దాన్ని ముందే లెక్కలో వేసుకుని పెట్టడం అలవాటవుతుంది.

బిగించాక మళ్లీ కొలవడం అసలు పరీక్ష. ఎగ్జాస్ట్‌లో 0.30 పట్టుతో జారాలి, 0.33 దూరకూడదు. ఇన్‌టేక్‌లో 0.18 పట్టుతో జారాలి, 0.20 దూరకూడదు. ఒక్క బ్లేడ్ పట్టును నమ్ముకుంటే ఒక్కొక్క చెయ్యి ఒక్కోలా చెబుతుంది. దూరేది, దూరనిది రెండూ చూస్తే ఎవరు చేసినా ఒకే జవాబు. లాక్ నట్ బిగుతు 14 న్యూటన్ మీటర్లు, అంటే పొట్టి పానాతో మణికట్టు బలం. భుజం బలం పెడితే స్క్రూ మర తెగుతుంది, తెగితే రాకర్ మార్చాలి.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఎక్కువ తిరిగిన ఇంజిన్లలో స్క్రూ కొన మీద వాల్వ్ కాడ కొట్టీ కొట్టీ చిన్న పళ్లెంలా గుంట పడుతుంది. ఫీలర్ బ్లేడ్ చదునైన రేకు, ఆ గుంట అంచుల మీద వంతెనలా ఆనుతుంది. గేజ్ 0.30 చెబుతుంది, అసలు ఖాళీ 0.35 ఉంటుంది. సెట్ చేశాక కూడా ఒక్క వాల్వ్ టక్‌టక్ మంటుంటే ఆ స్క్రూ విప్పి కొన చూడండి, గుంట గోటికి తగిలితే స్క్రూ మార్చాలి.

నాలుగు సిలిండర్లూ అయ్యాక రెండు పూర్తి చుట్లు తిప్పి మొదటి నుంచి పదహారూ మళ్లీ కొలవండి. రెండో విడతలో ఒకటో రెండో తేడా కనబడడం మామూలే. అన్ని నట్ల మీదా పానా వేసి బిగుతు చూశాకే కవర్ వంక చూడండి.

కవర్ కూర్చునే గాడి, హెడ్ అంచు ఆయిల్ తడి లేకుండా తుడవండి. చైన్ కేసు హెడ్‌తో కలిసే మూలల్లో మాత్రం కందిగింజంత సిలికాన్ పేస్ట్ చాలు. చుట్టూ పూస్తే లోపలికి పిండుకొచ్చిన తీగలు ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. కవర్ దించేటప్పుడు ప్లగ్ గొట్టాల రింగులు మడత పడకుండా చూసుకోండి. మడత పడితే వారం తర్వాత ప్లగ్ గుంటల్లో ఆయిల్ నిలిచి, కాయిల్ పాడై, మళ్లీ మిస్సింగ్ మొదలవుతుంది. మీరేమో టాపెట్ తప్పు చేశానని బెంగపడతారు. కవర్ బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా, చిన్న రాట్చెట్‌తో బిగించండి.

స్టార్ట్ చేశాక సన్నటి టిక్ టిక్ వినిపిస్తుంది. ముందు అసలు లేని చప్పుడు ఇప్పుడు కొంచెం వస్తే అది బాగైన గుర్తే. గట్టి టకటకలైతే టాపెట్లని నిందించే ముందు గ్యాస్ నుంచి పెట్రోల్‌కి మార్చి వినండి. గ్యాస్ ఇంజెక్టర్ రెయిల్ చప్పుడు చాలామందికి టాపెట్ చప్పుడులాగే వినిపిస్తుంది. పెట్రోల్‌కి మార్చగానే ఆగిపోతే అది రెయిల్‌దే.

అన్ని బండ్లకీ ఈ పద్ధతి పనికిరాదు. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ పెట్టిన స్విఫ్ట్ లాంటి బండ్లలో హైడ్రాలిక్ టాపెట్లు, సెట్ చేసేదేమీ ఉండదు. మారుతి కె-సిరీస్ ఇంజిన్లలో స్క్రూలుండవు, తేడా వస్తే వేర్వేరు మందాల బకెట్లు తెప్పించి క్యామ్ షాఫ్ట్ విప్పి మార్చాలి, అది ఇంటి పని కాదు. మారుతి 800లో స్క్రూలే, పద్ధతి దాదాపు ఇదే, కొలతలు మాత్రం వేరు.

మీ 2వ సిలిండర్ విషయానికొస్తే, సెట్ చేసిన మర్నాడు పొద్దున చల్లటి మీద కంప్రెషన్ మళ్లీ చూసి పాత అంకెలతో పోల్చండి. మిగతా వాటితో సమానంగా లేచిందంటే సకాలంలో పట్టుకున్నారు. లేవకపోతే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఇంకోసారి చూడండి. ఆయిల్‌తో అంకె బాగా పెరిగితే రింగుల లోపం, పెరగకపోతే వాల్వ్ కాలి ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు హెడ్ దించి లేత్ వర్క్స్‌లో సీటు కటింగ్, కొత్త వాల్వ్ వేయించాలి. వేయించేటప్పుడు ఒక్క 2వ సిలిండర్‌కి కాకుండా నాలుగు సిలిండర్ల ఎగ్జాస్ట్ సీట్లూ చూపించండి, హెడ్ ఎలాగూ దిగింది కదా.

కంప్రెషన్ లేచినా అక్కడితో వదిలెయ్యకండి. కిట్ వాళ్ల దగ్గర గ్యాస్ మిక్స్చర్ లీన్‌గా ఉందేమో లాప్‌టాప్ పెట్టించి చూపించండి. మామూలుగా పెట్రోల్ మీదైతే 40,000 కి.మీ.కి, గ్యాస్ మీదైతే 20,000కి ఒకసారి టాపెట్లు కొలవాలి. కానీ మీ బండికి ఈసారి 5,000 కి.మీ. దగ్గరే 2వ సిలిండర్ ఎగ్జాస్ట్ రెండూ కొలవండి. 0.30 పెట్టింది 0.28 దగ్గర ఉంటే ఇక 20,000 లెక్కకి వెళ్లొచ్చు. 0.20కి పడిపోయి ఉంటే ఆ సీటు ఇంకా దిగబడుతూనే ఉంది. మళ్లీ మళ్లీ స్క్రూ తిప్పుకుంటూ పోకుండా హెడ్ పనికి రోజు చూసుకోండి, అప్పటిదాకా పెట్రోల్ మీదే నడపండి.